తాతమ్మ పుట్టింటి ఆచూకీ ఎలా పట్టాలి?

బ్రిటిష్ వాళ్ల కాలంలో బతికిన మగవాళ్ల జాడ తీయడం మరీ కష్టం కాదు. పట్టాలో ఉంటారు, శిస్తు రసీదులో ఉంటారు, కోర్టు దావాల్లో సరేసరి. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికే చిక్కు. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. ఒక్కోసారి అసలు పేరూ మారుతుంది. అత్తగారిదీ కోడలిదీ ఒకే పేరైతే కోడలికి ఇంకో పేరు పెట్టి పిలిచేవాళ్లు. అత్తగారి పేరుతో కోడల్ని కసరడం బాగోదు కదా! మా తాతమ్మకీ అలాగే రెండు పేర్లు. అది తెలియక ఏడాదిపాటు లేని మనిషి కోసం తిరిగాను.

గుంటూరు, బెజవాడ వైపు కుటుంబాల వాళ్లకి ఆ తిరుగుడు కొంతైనా తగ్గాలని ఇది రాస్తున్నాను.

ముందు అటక ఎక్కండి

ఆఫీసులకి పరిగెత్తకండి. ఇంట్లో పాత ఇత్తడి బిందెలు, గంగాళాలు, మరచెంబులు ఉంటే కిందకి దించండి. పుట్టింటి వాళ్లు సారె పెట్టేటప్పుడు సామాను మీద పేరు కొట్టించడం మనకి అలవాటే. మా బిందె మూతి కింద ఏదో గీతలా ఉండేది. చింతపండుతో తోమి, ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే చుక్కచుక్కగా కొట్టిన మూడు పొడి అక్షరాలు బయటపడ్డాయి. మా ఇంటిపేరుకీ వాటికీ సంబంధం లేదు. అప్పటికి అర్థం కాకపోయినా ఫొటో తీసి పెట్టుకున్నాను.

ట్రంకు పెట్టెలో చదివింపుల పుస్తకం దొరికితే మీ పంట పండినట్టే. ఎవరు ఎన్ని రూపాయలు చదివించారో, ఏ ఊరి నుంచి వచ్చారో వరసగా రాసి ఉంటుంది. పెళ్లికూతురి తరఫు వాళ్ల పేర్లు ఎక్కువగా ఒకేచోట కనిపిస్తాయి.

పెద్దవాళ్లని ఏ సంవత్సరమని అడక్కండి

అడిగినా ఏదో ఒకటి చెప్పేస్తారు, అది తప్పుదారి పట్టిస్తుంది. మేనత్తనో చిన్నమ్మమ్మనో "తాతమ్మ తొలికాన్పుకి ఏ ఊరు వెళ్లింది?" అని అడగండి. తొలికాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ కాబట్టి పెద్దకొడుకు పుట్టిన ఊరే చాలాసార్లు తల్లి పుట్టిల్లు. మేనరికాలు ఉన్న కుటుంబమైతే ఆ ఊరి పేరు తర్వాతి తరంలోనూ మళ్లీ వస్తుంది.

తద్దినాలు పెట్టే ఇళ్లలో ఇంకో దారి ఉంది. ఆవిడ కొడుకు మహాలయ పక్షాల్లో తర్పణం వదిలేటప్పుడు మాతామహుల పేర్లు, గోత్రం చెబుతాడు. అంటే ఆవిడ తండ్రి, తాత, ముత్తాత పేర్లన్నమాట. పాత పురోహితుల కుటుంబాన్ని కదిపి చూడండి.

కాలం కట్టడానికి తెలుగు సంవత్సరాల పేర్లు పనికొస్తాయి గానీ అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయని మర్చిపోవద్దు. రక్తాక్షి అంటే 1864-65 కావచ్చు, 1924-25 కూడా కావచ్చు. "బందరు ఉప్పెన నాటికి చంటిపిల్ల" అన్న మాట వినపడితే మొదటిదే. ఆ ఉప్పెన వచ్చింది 1864 నవంబరు 1న. నందన కరువు, డొక్కల కరువు అంటే 1832-33 నాటి గుంటూరు కరువు. "చిన్నప్పుడే హడావుడిగా ముడిపెట్టేశారు" అంటే బాల్యవివాహాల్ని నిషేధించిన శారదా చట్టం గుర్తుకు తెచ్చుకోండి. అది అమల్లోకి వచ్చింది 1930 ఏప్రిల్ 1న. అంతకుముందు నెలల్లో ఆదరాబాదరాగా జరిగిన బాల్యవివాహాలు చాలా ఉన్నాయి.

ఊరు అప్పట్లో ఏ జిల్లా?

నా కాళ్లరిగింది ఇక్కడే. గుంటూరు జిల్లా 1904లో మళ్లీ విడిగా ఏర్పడింది. అంతకుముందు 1859 నుంచి ఈ ప్రాంతమంతా కృష్ణా జిల్లాలో, బందరు కలెక్టరు కింద ఉండేది. ఒంగోలు వైపు ఊళ్లు నెల్లూరులో ఉండేవి. 1859-1904 మధ్య నాటి కాగితం కావాలంటే గుంటూరు జిల్లా అనే మాట పట్టుకుని వెతికితే దొరకదు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి పాత రికార్డులు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. విజయవాడని ఆ కాగితాల్లో బెజవాడ అనే రాస్తారు.

జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోకండి, అచ్చయినవి అంకెలే, మనుషుల పేర్లు కావు.

క్రైస్తవ కుటుంబమైతే మీ పని మాకంటే తేలిక. మిషనరీ హెయర్ దొర 1842లో గుంటూరు వచ్చినప్పటి నుంచి ఇక్కడ లూథరన్ మిషన్ ఉంది. బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లు రాయడం చర్చిల పద్ధతి. ఆడవాళ్లని వాళ్ల పేరుతోనే రాస్తారు కాబట్టి పాత సంఘం పాస్టరుగారిని కలవండి. గుడి సేవలో ఉన్న స్త్రీల కుటుంబాలకి ఇనాం రిజిస్టర్లు ముఖ్యం. ఆ మాన్యాలు ఆడవాళ్ల పేరు మీదే ఉండేవి. జాతీయోద్యమంలో తిరిగిన మనిషైతే అప్పటి కృష్ణా పత్రిక, ఆంధ్రపత్రిక సంచికలు తిరగేయండి. గుంటూరులో 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఆడవాళ్ల చదువు కోసం పెట్టిన శారదా నికేతనంలో చదువుకున్నారేమో కూడా కనుక్కోండి.

చివరికి పొలమే చెప్పింది

ఇంతా చేసి మా తాతమ్మ దొరికింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. పుట్టింటి వాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలమో, భర్త పోయాక వచ్చిన మనోవర్తి భూమో ఉంటే, అది అమ్మిననాడు ఆవిడ కాగితం మీదకి రాక తప్పదు.

ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే ఈమధ్య దశాబ్దాల లావాదేవీలే వస్తాయి. పాతవాటికి దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, చేత్తో రాసిన ఇండెక్సులు వెతికించాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లది, రెండోది ఆస్తులది. పేరు మీద అనుమానం ఉంటే రెండోదానితో మొదలుపెట్టండి, సర్వే నంబరుకి మారుపేర్లు ఉండవు. పేరుతో వెతికేటప్పుడు సుబ్బమ్మ, సుబ్బాయమ్మ, సుబ్బాంబ అన్నీ రాసివ్వండి. రిజిస్టరైన వీలునామాలు ఆ ఆఫీసులోని మూడో నంబరు పుస్తకంలో ఉంటాయి. రాసినవాళ్లు పోయాక నకలు ఎవరైనా అడగవచ్చు.

ఒక జాగ్రత్త. ఊరు ఇప్పుడు ఏ ఆఫీసు కిందకి వస్తుందో కాదు, అప్పుడు ఏ ఆఫీసు కింద ఉండేదో ముందు కనుక్కోండి. అది అడగకుండా ఒక ఆఫీసు చుట్టూ రెండు వారాలు తిరిగాను. అక్కడి గుమాస్తా కూడా చెప్పలేదనుకోండి.

నకలు చేతికొచ్చాక పొలం హద్దుల దగ్గర ఆగిపోకండి, చివరిదాకా చదవండి. మా కాగితంలో రాయసగాడు తాతమ్మ రెండు పేర్లనీ మధ్యలో "అనే" పెట్టి ఒకే లైనులో రాశాడు. ఏడాది తిప్పలు ఆ రెండక్షరాలతో తీరిపోయాయి. కింద వేలిముద్ర, దాని పక్కన "నిశాని" (సంతకానికి బదులు పెట్టే గుర్తు) అని ఉన్నాయి. ఆ కింద ఇద్దరు సాక్షులు. మొదటాయన మా ఊరివాడే. రెండో ఆయన ఇంటిపేరు, ఊరు ఎప్పుడూ విననివి. ఫోన్ తీసి బిందె ఫొటో చూశాను. మూడు పొడి అక్షరాల్లో మొదటిది ఆయన ఇంటిపేరుది, చివరిది ఆయన ఊరిది. చెల్లెలు పొలం అమ్ముకుంటుంటే అన్నగారు వచ్చి సాక్షి సంతకం పెట్టి వెళ్లారన్నమాట.