పైతడి చూసి పత్తి గింజ పెట్టకండి

2025లో మే 24కే రుతుపవనాలు కేరళకు వచ్చాయి. రెండు రోజుల్లో తెలంగాణలో అడుగుపెట్టాయి. రోహిణి కార్తెలోనే వానలు చూసి మా దగ్గర చాలామంది పత్తి పెట్టేశారు. ఆ తర్వాత రెండు వారాలు మబ్బులే తప్ప సరైన వాన లేదు. మొలిచింది మాడిపోయింది, మొలవనిది మట్టిలోనే చచ్చింది. 475 గ్రాముల బీటీ ప్యాకెట్ అప్పుడు 901 రూపాయలు, ఎకరానికి రెండు. పక్క ఊరి అన్న ఒకాయన ఆరెకరాలూ రెండోసారి విత్తాడు. విత్తనానికే పదివేల పైన మట్టిపాలైంది. కూలి, ట్రాక్టర్ కిరాయి అందులో లెక్కే కట్టలేదు.

ఈసారి ఇంకో ప్రశ్న మొదలైంది. "ప్రకృతి వ్యవసాయంలో పొడి నేలలోనే విత్తుతారట కదన్నా, పత్తి కూడా అట్లనే పెడదామా?"

వద్దు. ఆంధ్రాలో వేసవిలో పొడి దుక్కిలో వేసేది నవధాన్యాలు: పెసర, అలసంద, ఉలవ, సజ్జ, జొన్న లాంటివి కలిపి. ఆ గింజలకు బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన విత్తన శుద్ధి ద్రావణం) పట్టించి, బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి ఆరబెట్టిన ఎరువు) పూతలా వేస్తారు. నేల మీద గడ్డి కప్పుతారు. వాన ఆలస్యమైనా పూతలో గింజ ఆగుతుంది. రకాలు చాలా ఉంటాయి కాబట్టి కొన్ని పోయినా కొన్ని లేస్తాయి. మీ పత్తి గింజకు ఆ పూతా లేదు, ఆ కప్పూ లేదు. రైతులకు నేర్పడానికి వెళ్లేవాళ్లు కూడా ఈ తేడా చెప్పకుండా రావద్దు. సగం విన్న పద్ధతి, అసలు వినకపోవడం కన్నా ఎక్కువ ముంచుతుంది.

పత్తి విత్తాలంటే ముందు 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడాలి. నిటారు గోడల డబ్బా ఒకటి చేలో పెట్టండి, చెట్టుకూ గోడకూ దూరంగా. స్కేలుతో 6 సెంటీమీటర్లు ఉంటే 60 మిల్లీమీటర్లు. బకెట్ పెట్టొద్దు, పైన వెడల్పు కాబట్టి లెక్క తప్పుతుంది. డబ్బాలో అంత నీళ్లు వచ్చాయని కూడా ఆగిపోకండి. పారతో జానెడు లోతు గుంత తవ్వి, అడుగు మట్టి పిడికిట్లో పట్టి చూడండి. ముద్ద కడితే విత్తండి, పొడిగా రాలితే ఆగండి. మధ్యలో నాలుగు రోజులు ఎండ కాస్తే మళ్లీ తవ్వి చూడాల్సిందే, నీళ్లు త్వరగా ఆరిపోయే చెల్క (ఎర్ర ఇసుక) భూముల్లో మరీను. జులై 20 దాకా పత్తికి టైముంది, ఎందుకా టెన్షన్?

మిగతావి గబగబా చెబుతా.

నవధాన్యాలు వేసేముందు ఊళ్లో మాట్లాడుకోండి. ఊరి పశువులు వేసవిలో వదిలేసి ఉంటాయి, పచ్చగా కనిపించే చేను మీదొక్కటే అయితే రాత్రికి రాత్రే ఖాళీ. వాన లేక వాడిన లేత జొన్నను పశువులను మేయనివ్వొద్దు, విషం, గంటల్లో చనిపోతాయి. పత్తి కట్టె తగలబెట్టొద్దు, ముక్కలు చేసి నేలకే ఇవ్వండి. మాగని పేడ చేలో వేయొద్దు, చెదలొస్తాయి. వాలుకు అడ్డంగా దున్నండి. ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది, మానొద్దు. ప్రకృతి వ్యవసాయంలోకి మారుతున్నా మొదటి ఏడాదే పొలమంతా యూరియా ఆపేయొద్దు, ఒక ఎకరంలో చూడండి. హెచ్‌టీ పత్తి (కలుపు మందు కొట్టినా చావని రకం) అని ఎవరైనా రహస్యంగా అమ్మితే కొనొద్దు, దానికి అనుమతి లేదు. బిల్లు తీసుకోండి. బిల్లుతో పాటు ఖాళీ ప్యాకెట్ కూడా దాచుకోండి.

పక్కోడు విత్తాడని విత్తొద్దు. నిన్నటి వాన వాడి చేలో పడి మీ చేలో పడకపోయి ఉండొచ్చు. ఫోన్లో వానొస్తుందని చూపిందనీ విత్తొద్దు. గుంత తవ్వండి. తవ్వకుండా ప్యాకెట్ చింపొద్దు.