శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ట్రాఫిక్ చలానా: కోర్టు రికార్డు వెతికే తీరు, పరిష్కరించుకొనే విధానం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం కోట జంక్షన్‌లోనో పోలీసులు తీసిన ఫోటో ఆధారంగా చలానా పడిందని సెల్‌ఫోన్‌కు సందేశం రాగానే చాలామంది ఎంత కట్టాలో చూసుకుంటారు. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, ఆ చలానా ఇంకా పోలీసు శాఖ దగ్గరే ఉందా, లేక కోర్టుకు చేరిందా అన్నది. పోలీసు శాఖ దగ్గరే ఉంటే సాధారణంగా ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో కట్టి ముగించవచ్చు. కోర్టుకు చేరితే దానికి ఒక కేసు నంబరు, ఒక వాయిదా తేదీ ఏర్పడతాయి కాబట్టి, అక్కడి పద్ధతి ప్రకారమే నడుచుకోవాలి.

ఇది తెలుసుకోవడానికి కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నడిపే పరివాహన్ ఈ-చలాన్ పోర్టల్‌లో చలానా నంబరు, వాహనం నంబరు, డ్రైవింగ్ లైసెన్సు నంబరు అనే మూడింటిలో ఏదో ఒకదానితో వెతకవచ్చు. వాహనం నంబరుతో వెతికేవారు ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరు చివరి ఐదు అక్షరాలను కూడా ఇవ్వాలి. తేదీ, స్థలం, చట్టంలోని సెక్షన్, జరిమానా మొత్తం, చలానా ప్రస్తుత స్థితి అక్కడ కనిపిస్తాయి. కోర్టుకు పంపినట్లు ఉంటే అది కూడా స్థితి దగ్గరే తెలుస్తుంది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడ్ రావడం వల్ల, పాత ఏపీ 30 (శ్రీకాకుళం), ఏపీ 35 (విజయనగరం) బండ్ల మాదిరిగా నంబరు చూసి జిల్లా చెప్పడం ఇప్పుడు కుదరదు. కనుక చలానా ఎక్కడిదో తెలియాలంటే స్థలం వివరాన్నే చదవాలి. ఇచ్ఛాపురం దాటి ఒడిశా వైపు తరచుగా వెళ్లివచ్చేవారు చలానా ఏ రాష్ట్రం విధించిందో కూడా చూసుకోవాలి.

ఈ వెతుకులాటంతా పోర్టల్‌లోకి మీ అంతట మీరు వెళ్లి చేయాలి తప్ప, వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి చేయకూడదు. 'ఆర్టీవో చలాన్' పేరుతో వచ్చే ఏపీకే ఫైలును, అంటే యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలును, ఫోనులో వేసుకుంటే బ్యాంకు ఖాతాకే ముప్పు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయాలి.

చలానా దొరికాక డబ్బు కట్టే ముందు ఫోటోను పెద్దది చేసి చూడడం అవసరం. నంబరు ప్లేటు మీద మట్టి పడి ఒక అంకె మరో అంకెలా కనిపించడం, మీది స్కూటరైతే ఫోటోలో మోటారు సైకిల్ ఉండడం వంటివి జరగకపోవు. చలానా తప్పని అనిపిస్తే పోర్టల్‌లోని ఫిర్యాదు విభాగంలో చలానా నంబరు, ఆర్‌సీ ప్రతి, మీ బండి ఫోటో జతచేసి వివరం రాయాలి. అదే వివరాన్ని చలానా రాసిన స్టేషన్‌లో లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవడం మంచిది. అక్కడ పరిష్కారం కాకపోతే ప్రతి సోమవారం జిల్లా ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టవచ్చు. కెమెరాల ద్వారా నమోదైన ఉల్లంఘనకు సంఘటన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 167ఎ చెబుతోంది గనుక, తేదీల మధ్య అంతరాన్ని కూడా అర్జీలో ప్రస్తావించవచ్చు. ముందు డబ్బు కట్టేసి ఆ తర్వాత అభ్యంతరం చెబుదామనుకోవడం తెలివైన పని కాదు, ఎందుకంటే కట్టడమంటే ఉల్లంఘనను ఒప్పుకొన్నట్లే లెక్క.

బండి అమ్మేసినా ఆర్‌సీ పేరు మారకపోతే చలానాలు పాత యజమానికే వస్తుంటాయి. అమ్మిన 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 చెబుతోంది. కాగితం మీద సంతకాలు చేసి తాళాలు ఇచ్చేస్తే సరిపోతుందనే నమ్మకం మన ఊళ్లలో ఇంకా బలంగానే ఉంది.

అన్ని ఉల్లంఘనలూ డబ్బు కట్టి ముగించుకొనేవి కావు. హెల్మెట్ లేకపోవడం, సీటు బెల్టు పెట్టుకోకపోవడం వంటివి అదే చట్టం సెక్షన్ 200 కింద రాజీ రుసుముతో, అంటే కోర్టు విచారణ లేకుండా కట్టే సొమ్ముతో ముగుస్తాయి. ఈ రెండింటికీ 2019 సవరణ చట్టం రూ.1,000 చొప్పున నిర్ణయించింది. హెల్మెట్ విషయంలో మూడు నెలలపాటు లైసెన్సు అనర్హత కూడా చట్టంలో ఉంది. మద్యం తాగి నడపడం మాత్రం రాజీకి వీలున్న జాబితాలో లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉన్నట్లు శ్వాస పరీక్షలో తేలితే కేసు కోర్టుకే వెళుతుంది. మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మైనరు బండి నడిపితే తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా విధించేందుకు సెక్షన్ 199ఎ వీలు కల్పిస్తోంది.

కోర్టుకు చేరిన కేసును ఈ-కోర్ట్స్ సర్వీసెస్ వెబ్‌సైటులో గాని, అదే పేరుగల మొబైల్ యాప్‌లో గాని వెతకాలి. ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు చేతిలో ఉంటే ఒక్క మెట్టులోనే వివరం వస్తుంది. అది లేనివారు రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం వరుసగా ఎంచుకొని, కేసు నంబరుతోనో, పేరుతోనో, స్టేషన్ ఎఫ్‌ఐఆర్ నంబరుతోనో వెతకాలి. ఇక్కడ మన ప్రాంతంవారు తడబడే చోటు ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లినా, న్యాయ పరిపాలన మాత్రం పాత ఉమ్మడి జిల్లాల ప్రకారమే కొనసాగింది. అందువల్ల రాజాం, పాలకొండ కేసులను శ్రీకాకుళం కిందా, పార్వతీపురం, సాలూరు కేసులను విజయనగరం కిందా చూడాలి. మీ ఇల్లు ఎక్కడుందన్నదానితో దీనికి సంబంధం లేదు. టెక్కలివాసిని చీపురుపల్లి దగ్గర ఆపితే, ఆ స్టేషన్ ఏ కోర్టు పరిధిలో ఉందో ఆ కోర్టులోనే రికార్డు ఉంటుంది.

పేరుతో వెతికేటప్పుడు కనీసం మూడు అక్షరాలు, కేసు నమోదైన సంవత్సరం ఇవ్వాలి. పోలీసు కాగితాల్లో ఇంటిపేరు ముందు రాస్తారు. పైగా ఆంగ్ల అక్షరాల్లో ఒకే పేరును ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కనుక, పూర్తి పేరుకు బదులు ఇంటిపేరులోని మొదటి నాలుగైదు అక్షరాలతో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. 'పెండింగ్' మాత్రమే ఎంచుకొని ఉంటే ముగిసిన కేసులు కనిపించవు, కాబట్టి రెండింటినీ చూపే ఎంపికను తీసుకోవాలి. ట్రాఫిక్ కేసులు ఎక్కువగా ఎస్‌టీసీ, అంటే సంక్షిప్త విచారణ కేసుల వర్గంలో నమోదవుతాయి. అక్కడా కనబడకపోతే చలానా ప్రతితో స్టేషన్‌కు వెళ్లి కోర్టు డ్యూటీ కానిస్టేబుల్‌ను అడగడమే దగ్గరి దారి. ఏ కేసు ఏ తేదీకి వేశారో ఆయన రాసుకొని ఉంటారు.

సమన్లలో చెప్పిన రోజున ఆధార్, లైసెన్సు, ఆర్‌సీ, బీమా, చలానా ప్రతులతో ఉదయమే కోర్టుకు చేరాలి. మేజిస్ట్రేటు నేరారోపణ చదివి వినిపించినప్పుడు ఒప్పుకుంటే అప్పటికప్పుడే జరిమానా నిర్ణయిస్తారు. ఒప్పుకోకపోతే సాక్షుల విచారణకు వాయిదా పడుతుంది. కొన్ని కేసుల్లో న్యాయవాది ద్వారా హాజరు కావడానికి గాని, నిర్ణీత తేదీకి ముందే నేరం ఒప్పుకొని సమన్లలో చెప్పిన సొమ్మును పంపడానికి గాని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 208 వీలిస్తుంది. సమన్లు అందిన తర్వాత ఊరకుండడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే వారంటు వస్తే చిన్న విషయం పెద్దదవుతుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. ఇందుకు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. రాజీకి వీలున్న కేసులను జాతీయ లోక్ అదాలత్‌లో కూడా పెట్టించుకోవచ్చు గాని, అక్కడి అవార్డుపై, అంటే తీర్పుపై అప్పీలు ఉండదు.

కేసు ముగిశాక జరిమానా రసీదును భద్రపరచుకోవడంతో పాటు తీర్పు నకలు తీసుకోవడం మేలు. కోర్టు ఫీజు స్టాంపు అంటించిన నకలు దరఖాస్తులో కేసు నంబరు, ముగిసిన తేదీ రాసి ఇస్తే, ఎన్ని నకలు స్టాంపులు కావాలో నోటీసు బోర్డు మీద పెడతారు. గడువులోగా వాటిని దాఖలు చేయకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, కనుక ఇచ్చి వచ్చేసి మరచిపోకూడదు. కేసులో పక్షం కానివారు నకలు కోరితే కారణం తెలుపుతూ ప్రమాణపత్రం కూడా దాఖలు చేయాలి. కోర్టులో ముగిసిన చలానా పోర్టల్‌లో బకాయిగానే కనిపిస్తుంటే, రసీదు, నకలు జతచేసి చలానా రాసిన స్టేషన్‌లో అర్జీ ఇచ్చి, స్థితి మారిందో లేదో వాహనం నంబరుతో మళ్లీ వెతికి చూసుకోవాలి.