విషం పెట్టారన్న అనుమానం ఉందా? వెంట్రుకలు, గోళ్లను ఫోరెన్సిక్ పరీక్షకు పంపించే విధానం

వెంట్రుకలు కవర్‌లో వేసుకుని నేరుగా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎఫ్‌ఎస్‌ఎల్‌కు (ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు) వెళ్తే తీసుకోరు. అక్కడికి నమూనాలు పోలీసులో, కోర్టో పంపాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. అందుకే దరఖాస్తు రాయాల్సింది మీ పోలీస్ స్టేషన్‌కు.

మనిషి చనిపోయి ఉంటే, జబ్బు ఎప్పుడు మొదలైంది, వాంతులు, విరేచనాలు, అరికాళ్ల మంటలు, జుట్టు రాలడం, ఏ ఆస్పత్రిలో ఏ తేదీన చూపించారు, అన్నీ వరసగా రాయండి. చివర్లో ఈ మాట తప్పనిసరి: "విసెరాతో పాటు తల వెంట్రుకలు, గోళ్లు కూడా భద్రపరిచి, ఆర్సెనిక్, థాలియం వంటి లోహ విషాల కోసం పరీక్ష చేయించగలరు." విసెరా అంటే కడుపు, కాలేయం లాంటి లోపలి అవయవాల ముక్కలు. మొహమాట పడొద్దు. పోస్ట్‌మార్టం మొదలవకముందే ఇవ్వండి. పూడ్చిన శవాన్ని మెజిస్ట్రేట్ ఉత్తర్వుతో వెలికి తీయించవచ్చు గానీ, దహనం చేసేస్తే ఈ దారి మూసుకుపోయినట్లే.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఆర్సెనిక్ రక్తంలో ఎక్కువ కాలం నిలవదు. వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకున్నది మాత్రం అలాగే ఉండిపోతుంది. జుట్టు నెలకు సుమారు 1 సెం.మీ. పెరుగుతుంది కాబట్టి, కుదురు నుంచి 3 సెం.మీ. దూరంలో దొరికిన విషం దాదాపు మూడు నెలల కిందటిది. ఏ చివర కుదురో తెలియకపోతే ఈ లెక్కంతా పోతుంది. అందుకే కుచ్చును కుదురు వైపు దారంతో కట్టి, కలవకుండా చుట్టి పంపడం మంచిది. పాడవకుండా పోసే ఉప్పు ద్రావణం విసెరాకే, వెంట్రుకలు పొడిగానే ఉండాలి. తలకు రంగు వేసే అలవాటుంటే అదీ డాక్టర్‌కు చెప్పండి.

సీలు వేసిన కవర్లు మామూలుగా 'లెటర్ ఆఫ్ అడ్వైస్'తో (ఏ పరీక్షలు కావాలో ల్యాబ్‌కు రాసే లేఖతో) కోర్టు ద్వారా ల్యాబ్‌కు చేరతాయి. అవి ఏ తేదీన వెళ్లాయో స్టేషన్‌లో అడిగి రాసుకోండి.

మనిషి బతికే ఉంటే ఆస్పత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయించి, నమూనాలు డాక్టర్‌తోనే తీయించండి. ప్రైవేట్ ల్యాబ్ రిపోర్ట్ వైద్యానికి పనికొస్తుంది. కోర్టులో మాత్రం ఆ వెంట్రుకలు ఎవరివి, మధ్యలో ఎవరి చేతుల్లో ఉన్నాయన్న ప్రశ్న వస్తుంది.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే అదే కాగితం ఎస్పీకి (సిటీలో అయితే కమిషనర్‌కు) పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లవచ్చు. లాయర్ ఫీజు గురించి టెన్షన్ అక్కర్లేదు: ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.