పొడవాటి దూలాల కోత: తప్పు పట్టాలదా, బ్లేడుదా, కొయ్యదా?

చంద్రగిరి దగ్గర ఒక పాత మిద్దె ఇంటికి, ఎక్కడికైనా మోసుకుపోగలిగే బ్యాండ్‌సా మిల్లుపై (పట్టాల మీద నడిచే పట్టీ రంపం) 24 అడుగుల వేప దూలం కోసి ఇచ్చినప్పుడు, దాని రెండు చివరలూ సరిగ్గా 8 అంగుళాలు వచ్చి, నడుమ మాత్రం 4 మిల్లీమీటర్లు పలుచబడింది. బ్లేడు మొండిబారిందని అనుకుని కొత్తది వేశాము. రెండో దూలానికీ అదే చోట అంతే తేడా వచ్చింది. ఆ రోజు ఒక పూట, రెండు బ్లేడ్లు దండుగ అయిన తరువాతే అసలు విషయం అర్థమైంది. ఎన్ని దుంగలు మార్చినా అదే చోట కనిపించే తప్పు పట్టాలది; కోత కోతకూ చోటు మార్చుకునే తప్పు బ్లేడుది; పై పలక తీసిన తరువాత మాత్రమే పుట్టే తప్పు కొయ్యది. ఇలాంటి మిల్లుపై 12 అడుగుల లోపు దుంగ కోసేవారికి ఈ తేడాతో పెద్దగా పని పడదు. 20 అడుగులు దాటితే మాత్రం ముందుగా తేల్చుకోవలసింది ఇదే.

నడుమ పలుచన లేదా నడుమ మందం, ప్రతి దుంగకూ అదే చోట

రంపం తల (ఇంజను, చక్రాలు, బ్లేడు ఉన్న భాగం) పట్టాల వెంట నడుస్తుంది కనుక పట్టాలు ఎలా ఉంటే కోత అలాగే వస్తుంది. పొడవు కోసం అదనపు పట్టాల ముక్క బిగించినప్పుడు ఆ అతుకు దగ్గర 2 మిల్లీమీటర్లు కుంగిందని అనుకుందాం. మొదటి కోతలో దుంగ పైముఖం అక్కడ 2 మిల్లీమీటర్లు లోతుగా తెగుతుంది. దుంగను తిరగేసి ఆ ముఖాన్ని కిందికి పెడితే, చివరలు ఆనుకుని నడుమ ఖాళీ మిగులుతుంది; పైన రెండో కోత మళ్లీ అక్కడే 2 మిల్లీమీటర్లు దిగుతుంది. తప్పు రెండింతలై, దూలం నడుమ 4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అతుకు ఉబ్బితే దీనికి తలకిందులుగా నడుమ మందంగా వస్తుంది, తిరగేసిన దుంగ కూడా తిన్నగా కూర్చోకుండా ఊగుతుంది. మా దూలానికి జరిగింది మొదటిది.

దీన్ని కనిపెట్టడానికి రసమట్టం ఒక్కటే చాలదు. అడుగు పొడవున్న రసమట్టం అతుకు మీద పెడితే అతుకు దగ్గరి వాలును చూపుతుందే గానీ, 24 అడుగుల పొడవులో వచ్చే నెమ్మదైన వంపును చూపదు. పట్టాల రెండు చివరలా ఒకే మందమున్న రెండు చెక్క ముక్కలు పెట్టి, వాటి మీదుగా చేపల గాలానికి వాడే సన్నని నైలాన్ దారాన్ని బిగించి లాగి, అదే మందమున్న మూడో ముక్కను ప్రతి అడ్డకమ్మీ (దుంగ ఆనుకునే అడ్డపు కమ్మీ) దగ్గరా దారం కిందికి జరుపుతూ చూడాలి. ముక్క దారాన్ని పైకి తోస్తే అక్కడ ఉబ్బు, దారానికీ ముక్కకూ మధ్య వెలుతురు కనిపిస్తే అక్కడ కుంగు. పట్టాలు మొత్తంగా ఒకవైపుకు కొంచెం వాలి ఉన్నా నష్టం లేదు. రెండు పట్టాలూ ఒకే తలంలో, తిన్నగా ఉండడమే ముఖ్యం. అడ్డంగా మాత్రం ప్రతి కమ్మీ మీదా రసమట్టం ఒకే గీత దగ్గర నిలవాలి, లేకుంటే దూలం మెలిపడుతుంది.

పరిష్కారం పునాదిలో ఉంది. మా చుట్టుపక్కల ఎర్రనేల ఎండలో రాయిలా ఉండి, వాన పడితే మెత్తబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ఇక్కడ నేలను నానబెడతాయి కనుక, అక్టోబరులో సరిచేసిన పట్టాలు నవంబరులో అలాగే ఉంటాయని నమ్మకూడదు. పైగా 24 అడుగుల పొడవు, సగటున 18 అంగుళాల అడ్డుకొలత ఉన్న పచ్చి దుంగ ఒక టన్నుకు పైగా తూగుతుంది. దాన్ని ఒకే వైపు నుంచి దొర్లిస్తే ఆ వైపు పట్టాల కాళ్లు ముందుగా కుంగుతాయి. అతుకుకు రెండు పక్కలా, ప్రతి కాలి కింద చదునైన గ్రానైట్ ముక్క వేసి, దుంగను ఎక్కించిన తరువాత ఒకసారి, మొదటి కోత అయిన తరువాత మరోసారి దారం పట్టి చూడాలి. గ్రానైట్ కోత ముక్కలు మా జిల్లాలో అగ్గువకే దొరుకుతాయి. చెక్క ముక్కలు వేస్తే బరువుకు నలిగి మళ్లీ మొదటికే వస్తుంది.

పలక తీయగానే దూలం లేచి నిలబడుతుంది

నీలగిరి (యూకలిప్టస్) దుంగతో ఇది మరీ ఎక్కువ. పెరుగుతున్న చెట్టులో బయటి పొరలు లాగబడి, లోపలి భాగం నొక్కబడి ఉంటుంది. ఒక వైపు పలక తీస్తే ఆ సమతూకం చెడి, మిగిలిన దుంగ నడుమ పైకి లేస్తుంది. తీసిన పలక కూడా కోత జరుగుతుండగానే చివరలు పైకెత్తి విల్లులా వంగుతుంది. ఇక్కడ పట్టాలను ఎంత సవరించినా ఫలితం ఉండదు. పట్టాలదా కొయ్యదా అన్న అనుమానం తీరాలంటే, మొదటి పలక తీయక ముందు, తీసిన తరువాత, ప్రతి అడ్డకమ్మీ మీదా దుంగ కింద హాక్‌సా బ్లేడును జొనిపి చూడండి. ముందు దూరని చోట తరువాత దూరితే కొయ్య కదిలినట్టే.

అప్పుడు ఒకే వైపు నుంచి కోసుకుపోకూడదు. ఒక పలక తీసి, దుంగను తిరగేసి ఎదుటి వైపు నుంచి ఒక పలక తీయాలి. ఇలా నాలుగు ముఖాలూ కొలత కంటే అర అంగుళం ఎక్కువ ఉండేలా తెచ్చి, చివర ప్రతి ముఖం మీదా పలుచని కోతతో కొలతకు తేవాలి. దుంగ నడిబొడ్డు (వలయాల కేంద్రం) దూలం మధ్యలోనే ఉండేలా చూసుకోవాలి. దుంగ మొదలు లావుగా, కొన సన్నగా ఉంటుంది కనుక, రెండు చివరలా నడిబొడ్డు ఎత్తును కమ్మీ నుంచి కొలిచి, కొన వైపు కింద చెక్క పెట్టి ఎత్తి, రెండూ సమం చేసిన తరువాతే మొదటి కోత వేయాలి. ఇంత చేసినా కొన్ని దుంగలు మాట వినవు. వాటిని పొట్టి సైజులకు మళ్లించడం మంచిది.

మొదటి 10 అడుగులు నున్నగా, ఆ తరువాత అలలు

ఇది బ్లేడు వేడెక్కిన గుర్తు. పొట్టి దుంగలో బ్లేడుకు కోత కోతకూ మధ్య చల్లబడే వ్యవధి దొరుకుతుంది, పొడవాటి దుంగలో దొరకదు. సుమారు 4 మీటర్ల పొడవున్న బ్లేడు 50 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. అంత మేరా బిగువు పోయి, బ్లేడు ముడుల దగ్గర పక్కకు తప్పుకుంటుంది. దానికి తోడు జిగురు, పొట్టు అంటుకుంటే రాపిడి పెరిగి మరింత వేడి పుడుతుంది.

పొట్టును చేతిలోకి తీసుకుని చూడండి. రవ్వలా గరుకుగా రాలుతుంటే బ్లేడు కోస్తోంది. పిండిలా మెత్తగా, వేడిగా ఉంటే రుద్దుతోంది. నీటిలో గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా కలిపి చుక్కలు చుక్కలుగా బ్లేడు మీద పడేలా చూడాలి, సగం కోతలో బ్లేడు బిగువును చూపే ముల్లును గమనించి అవసరమైతే సవరించాలి. తోసే వేగం ఒకే తీరున సాగాలి. ముడి దగ్గర నెమ్మదించవచ్చు గానీ ఆగిపోకూడదు. చివరి నాలుగు కోతలకూ పదును పెట్టిన బ్లేడును విడిగా దాచుకోవడం నా అలవాటు. పని ముగిశాక బిగువు వదలడం మరువకూడదు. చల్లబడుతూ కుంచించుకుపోయే బ్లేడు చక్రాలను, బేరింగులను లాగుతుంది.

అలలు లేకుండా బ్లేడు మొదటి నుంచి చివరిదాకా ఒకే వైపుకు ఎక్కుతూనో దిగుతూనో ఉంటే వేడిని అనుమానించనక్కరలేదు. పళ్ల వంపు రెండు వైపులా సమంగా లేదు, లేదా బ్లేడును దారిలో ఉంచే గైడ్ రోలర్ వాలి ఉంది.

ఒక్క కోతకే బ్లేడు మొండి

రోడ్డు పక్కన కొట్టిన చింత, వేప మానులయితే మేకులు వెతకండి. ఎన్నో ఏళ్లుగా బోర్డులు కొట్టిన మేకులను బెరడు మింగేసి ఉంటుంది. వగరు ఎక్కువగా ఉన్న కొయ్యలో ఇనుము చుట్టూ నల్లని, నీలిరంగు మరక వస్తుంది కనుక, దుంగ చివరలోనో తీసిన పలకలోనో అది కనిపిస్తే అక్కడే ఆగాలి. మేకు లేకపోయినా, నేల మీద ఈడ్చి తెచ్చిన దుంగ బెరడులో ఇసుక ఇరుక్కుని ఉంటుంది. బ్లేడు లోపలికి దిగే వైపు బెరడును గొడ్డలితో చెక్కేసి, నీళ్లు కొట్టి కడగాలి.

దుంగ పట్టాలకంటే పొడవు, అదనపు ముక్క లేదు

ఇది తప్పనిసరి అయితేనే చేయదగిన పని. తల చివరిదాకా వచ్చాక ఇంజను ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచిన తరువాత, కోత సందులో సన్నని చెక్క చీలికలు దిగ్గొట్టాలి. దుంగను బిగించి ఉంచిన పట్లు వదిలి, బ్లేడు సందులోనే ఉండగా, దుంగనూ తలనూ కలిపి వెనక్కు జరిపి, మళ్లీ పట్టి కోత కొనసాగించాలి. బయటికి వేలాడే చివర కింద కమ్మీలతో సరిసమానమైన ఎత్తులో స్టాండు లేకపోతే, కోత ఆగి మొదలైన చోట మెట్టు పడుతుంది. దుంగను జరిపే మనిషి చేయి కోత సందుకు ఎదురుగా ఎన్నడూ ఉండకూడదు.