పద్యంలో మాట విడదీయడం – 4వ పాఠం: ఈ ‘న’ ఎవరిది?

పోయినసారి ఇచ్చిన వేమన పాదానికి వాడుక తెలుగులో అర్థం రాయమంటే, చాలామంది ‘ఉప్పునీ కర్పూరాన్నీ నొక్కి చూస్తే ఒకేలా ఉంటాయి’ అని పంపారు. నొక్కడం ఎక్కణ్నుంచి వచ్చింది? ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’లో ‘నొక్క’ కనబడింది కాబట్టి. తప్పు మీది కాదు, ద్రుతాన్ని, అంటే కొన్ని మాటల చివర వచ్చే పొల్లు ‘న్’ని, నేనే రెండు వాక్యాల్లో దాటేశాను. అందుకే ఈ వారం అనుకున్న పాఠం ఆపి, దీని మీదే కూర్చుందాం.

అది కప్పురంబున్ + ఒక్క. తర్వాత అచ్చు రాగానే ఆ పొల్లు ‘న్’ పక్క మాట మీదికి ఎక్కుతుంది. దాని సొంతిల్లు మాత్రం ముందు మాటే. చివర్లో ‘ఉండు’ కూడా ఎవరినో ఉండమనడం కాదు. అది ‘ఉండును’, అంటే ఉంటాయి.

గుంటూరు బ్రాడీపేటలో ఓ క్లినిక్ గోడ మీద సుమతీ శతక పద్యం రాయించారు.

అప్పిచ్చువాడు వైద్యుడు
నెప్పుడు నెడతెగక బారు నేరును ద్విజుడున్
చొప్పడిన యూర నుండుము...

అక్కడే నిలబడి ఒకబ్బాయి నన్నడిగాడు: ‘ద్విజుడు ఎప్పుడూ నేరుస్తాడనేగా మాస్టారూ?’ కాదు నాయనా. అది ‘నేరును’ కాదు, ఏరును. ఎప్పుడూ పారే ఏరు. ‘యూర నుండుము’ చూసి ‘ఊరి నుంచి’ అనుకునేవాళ్లూ ఉన్నారు. అర్థం పూర్తిగా తిరగబడిపోతుంది! ఊరన్ + ఉండుము, ఊళ్లో ఉండు. వైద్యుడున్ + ఎప్పుడున్ + ఎడతెగక: వైద్యుడూ, ఎప్పుడూ, ఆగకుండా. చూశారా, ఈ ‘న్’ ఊరికే రాదు. ఒకచోట ‘లో’, ఇంకోచోట ‘కూడా’.

‘బారు నేరు’ ఒక్కటే వేరు. అక్కడ ద్రుతం లేదు. పారు, ఏరు మధ్య వచ్చి చేరింది నుగాగమం, అంటే ఆ రెండు మాటల్లో దేనిదీ కాని ‘న్’. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) దానికి విడిగా సూత్రమే ఉంది.

నేనైతే పెన్సిల్‌తో ప్రతి అనుమానపు ‘న’ నుంచీ వెనక్కి బాణం గీస్తాను. ‘న’ తీసేసినా మాట నిలబడితే ఆగి, వాక్యం మొత్తానికి అర్థం కుదురుతుందో లేదో చూస్తాను. ‘యూర’ అంటే ఊర, ‘బారు’ అంటే పారు; ఆ య, బ సంధిలో వచ్చినవని మీకు తెలిసిందే.

అభ్యాసం, పోతన పద్యం:

పలికెడిది భాగవతమట
పలికించెడివాడు రామభద్రుండట నే
పలికిన భవహరమగునట
పలికెద వేరొండు గాథ పలుకగనేలా

‘నే’, ‘అగునట’, ‘పలుకగనేలా’: మూడు ‘న’లలో ముందు మాట నుంచి వచ్చి ఎక్కనిది ఏది? మిగతా రెండూ ఏ మాట నుంచి వచ్చాయో ఒక్కో వాక్యంలో రాయండి. చూడకుండా, కాగితం మీద, చేత్తో.