గేమింగ్ ల్యాప్‌టాప్ వేడెక్కితే – 3వ పాఠం: దుమ్మా, పేస్టా?

పోయిన పాఠంలో ల్యాప్‌టాప్ లోపలి వేడిని చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, అరగంట ఆట ఆడుతూ సీపీయూ (ప్రాసెసర్), జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఉష్ణోగ్రతలనీ వాట్లనీ లాగ్ చేశాం, అంటే ఫైలులో నమోదు చేశాం. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఆ ఫైలు తెరవండి. వేడి ఎక్కడ ఆగిపోతోందో మూత తీయకుండానే అది చెబుతుంది.

చిప్‌లో పుట్టిన వేడి, చిప్‌కీ రాగి పలకకీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ దాటి ఆ పలకలోకి, అక్కడి నుంచి హీట్ పైపుల్లోకి, వాటి చివర వరసగా ఉండే పల్చటి రేకుల్లోకి చేరుతుంది. ఆ రేకుల సందుల్లోంచి ఫ్యాన్ దాన్ని బయటికి తోస్తుంది. రేకుల దగ్గర దారి మూసుకుపోతే రాగి మొత్తం మెల్లగా కాగుతుంది. మొదట్లో 75, 80 డిగ్రీల దగ్గరున్న అంకె పావుగంటకి 95కి చేరుతుంది. ఫ్యాన్ హోరెత్తుతున్నా వెంట్ దగ్గర చెయ్యి పెడితే గాలి బలహీనంగా తగులుతుంది. ఆట ఆపాక కూడా దిగడానికి నిమిషాలు పడుతుంది. ఇది దుమ్ము పని.

పేస్ట్ దగ్గర అడ్డుంటే తీరు వేరు. ఆట లోడైన కొన్ని సెకన్లకే 60 నుంచి 95కి ఎగురుతుంది, ఆపగానే అంతే వేగంగా పడిపోతుంది. వేడి చిప్‌లోనే చిక్కుకుంది కాబట్టి బయటికొచ్చే గాలి అంత వేడిగా ఉండదు. సీపీయూలోని ఒక కోర్ మిగతావాటికన్నా 15 డిగ్రీలు పైన ఉంటే పేస్ట్ పక్కకు జరిగిందనో, హీట్ సింక్ (ఆ రాగి పలక, పైపులు, రేకులు కలిసిన భాగం) సమంగా కూర్చోలేదనో అనుమానించాలి. అయితే ఒక్క క్షణం 95 తాకి దిగిపోవడం ఇప్పటి ప్రాసెసర్లలో మామూలే, అది ప్రాసెసర్ కాసేపు తనంతట తానే వేగం పెంచుకునే టర్బో బూస్ట్. కంగారు పడాల్సింది వాట్లు చూసి. 45 వాట్లకు తయారైన సీపీయూ 25 వాట్లకే 95 దగ్గర నిలబడిపోతుంటే ఆ యంత్రానికి నిజంగానే సాయం కావాలి.

లాగ్ పక్కనే గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో 38 డిగ్రీల గదిలో తీసిన అంకెల్ని డిసెంబరులో 25 దగ్గర తీసిన వాటితో పోల్చకూడదు. గదిలో పెరిగిన 13 డిగ్రీలూ దాదాపు అలాగే చిప్ మీదికెక్కుతాయి.

లక్షణాలు ఏవైనా ముందు దుమ్ము తీయాలి. వారంటీ ఉంటే షరతులు చదవండి. పూర్తిగా షట్‌డౌన్ చేసి చార్జర్ తీయండి. స్క్రూల పొడవులు ఒకలా ఉండవు. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది. అందుకని ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ ఆకారం గీసి, ఏ స్క్రూ తీసిన చోట దాన్ని టేపుతో అంటించండి. కొన్ని మోడళ్లలో రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలుంటాయి. మూత లేపడానికి పాత ఏటీఎం కార్డు చాలు, ఇనుప వస్తువులు వద్దు. లోపల మొట్టమొదట ముట్టుకోవాల్సింది బ్యాటరీ కనెక్టరే. తీగలు పట్టి లాగకుండా, ప్లాస్టిక్ పట్టీని రెండు వైపులా సమంగా కదిలిస్తూ తీయండి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టండి.

బయటి నుంచి బ్లోయర్ కొట్టి సరిపెట్టుకునేవాళ్లు ఎక్కువ. దానివల్ల పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకంటే అసలు దుమ్ము ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య దుప్పటిలా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్‌కి ఉండే రెండు మూడు స్క్రూలు విప్పి పక్కకు లేపితే ఆ దుమ్ము పట్టకారుకు ముక్కలుగా వచ్చేస్తుంది. మిగిలిన పొడిని మెత్తని బ్రష్‌తో, ఆపైన గాలితో పంపేయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి ఉంచాలి. అతివేగంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. వాక్యూమ్ క్లీనర్‌ని మదర్‌బోర్డు దగ్గరికి రానివ్వకండి, స్టాటిక్ విద్యుత్ ప్రమాదం.

ఫ్యాన్ బిగించి, బ్యాటరీ కనెక్టర్ తిరిగి పెట్టి, మూత బిగించి అదే ఆట, అదే సెట్టింగులు, అదే గదిలో మళ్లీ అరగంట లాగ్ చేయండి. అంకెలు బాగుంటే పేస్ట్ జోలికి పోవద్దు. కొత్తది వేస్తే ఇంకా తగ్గుతుందేమో అన్న ఆశతో బాగున్న హీట్ సింక్ విప్పడం తెలివైన పని కాదు.

పేస్ట్ మార్చాల్సి వస్తే ముందు మీ మోడల్ వివరాలు చూడండి. కొన్ని ఆసుస్ ఆర్‌ఓజీ ల్యాప్‌టాప్‌లలో ఫ్యాక్టరీలోనే పేస్ట్‌కు బదులు లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) వేస్తారు. అది కరెంటును ప్రవహింపజేస్తుంది, ఒక్క బొట్టు పక్కన పడినా బోర్డు పోవచ్చు. అలాంటివి ఇంట్లో విప్పొద్దు.

మిగతావాటికి, విప్పే ముందు ఐదు నిమిషాలు ఆట నడపండి, పేస్ట్ మెత్తబడుతుంది. తర్వాత ముందులాగే షట్‌డౌన్ చేసి, చార్జర్, బ్యాటరీ కనెక్టర్ తీయండి. హీట్ సింక్ స్క్రూల పక్కన సాధారణంగా 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. తీసేటప్పుడు తలకిందుల వరసలో, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా వదులు చేయాలి. హీట్ సింక్‌ని ఎత్తిపెట్టి పెకలించకుండా కొద్దిగా మెలితిప్పి లేపండి. ల్యాప్‌టాప్ చిప్‌కి పైన లోహపు మూత ఉండదు, అంచు చిట్లిందంటే అంతే. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాలని గుడ్డతో రెండు వైపులా తుడవండి.

మధ్యలో బఠాణీ గింజంత పెట్టడం డెస్క్‌టాప్ అలవాటు. ఇక్కడ చిప్ నాలుగు మూలలూ కప్పేలా పల్చగా పరవాలి, ఖాళీ మూల అక్కడి కోర్లను కాలుస్తుంది. పల్చటి పేస్టులు ఇలాంటి చిప్‌ల మీద కొన్ని నెలలకే అంచులకు జారిపోతాయి, ప్రతిసారీ కాగి చల్లారడం వల్ల. అందుకే మా ఓటు పేస్ట్‌కు బదులు పెట్టే హనీవెల్ పీటీఎం7950 షీటుకే. గదిలో గట్టిగా ఉండి, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందులు నింపుతుంది, జారిపోదు. చిప్ కొలతకు కత్తిరించి, కాసేపు ఫ్రిజ్‌లో పెడితే పైపొర సులువుగా ఊడుతుంది.

మెమరీ చిప్‌ల మీది థర్మల్ ప్యాడ్లు (వేడిని హీట్ సింక్‌కి దాటించే మెత్తని పట్టీలు) చిరిగితే అదే మందంలో కొత్తవి వేయండి. 1 మిల్లీమీటరు ఉన్నచోట 1.5 వేస్తే హీట్ సింక్ సీపీయూ, జీపీయూలని సరిగా తాకదు, వేడి ముందుకన్నా పెరుగుతుంది. పేస్ట్ మార్చాక వేడి పెరిగిందనే ఫిర్యాదులకు ఇదీ ఒక కారణమే. స్క్రూలు 1 నుంచి వరసగా, రెండు మూడు విడతల్లో బిగించి, ఫ్యాన్ కనెక్టర్లు పెట్టి, ఆఖరున బ్యాటరీ కలపండి.

మూడో లాగ్ తీసి మొదటి రెంటి పక్కన పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఫ్రేమ్ రేటుకు హద్దు పెట్టడం, టర్బో బూస్ట్ తగ్గించడం ఆ అంకెలతోనే మొదలవుతాయి.