సుగ్గికి (వలస కూలికి) పోయే ముందే మాతృ వందన దరఖాస్తు: డబ్బు ఆగేది ఎక్కడంటే

మొన్న కర్నూలు జిల్లా కోసిగి వైపు నుంచి వచ్చిన ఆలుమగలు ఒక నెట్ సెంటర్ అరుగు మీద కూర్చుని కనిపించారు. ఒళ్లో నాలుగు నెలల బిడ్డ, కవర్లో మూడు పాస్‌బుక్కులు. "అప్రూవ్ అయిందంటారన్నా, డబ్బు మాత్రం పడలే" అంది ఆమె. మధ్యలో ఎవరో 500 తీసుకున్నాడట. ఈ దరఖాస్తుకు ఫీజే లేదు.

ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు వస్తాయి. గర్భం నమోదై, ఒక పరీక్ష అయ్యాక 3,000. బిడ్డ జనన నమోదు, 14 వారాల టీకాలు పూర్తయ్యాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000. రేషన్ కార్డు, ఉపాధి జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు లాంటివాటిలో ఒకటుంటే చాలు. ఆశా కార్యకర్తకో అంగన్‌వాడీ టీచరుకో చెబితే ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు. బిడ్డ పుట్టిన 270 రోజుల్లోపు అడగాలి.

చిక్కంతా బ్యాంకు ఖాతాతోనే. "బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇచ్చినాం కదా" అంటారు. అది వేరు, సర్కారు డబ్బు పడేందుకు ఆధార్‌ను ఖాతాకు ముడిపెట్టడం వేరు. మీ దగ్గర ఎన్ని ఖాతాలున్నా ఆ ముడి ఒక్కదానికే ఉంటుంది, డబ్బు అందులోకే పోతుంది. మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కి, ఓటీపీ కొడితే ఆ బ్యాంకు పేరు కనబడుతుంది. ఈమె విషయంలో కనబడింది పెళ్లికి ముందు పుట్టింట్లో తెరిచిన ఖాతా. కవర్లోని మూడింటిలో అది లేదు. మెసేజీలు బెంగళూరులో ఉన్న తమ్ముడి ఫోన్‌కు పోతున్నాయి. ఫోన్ చేసి అడిగితే 3,000 ఎప్పుడో పడ్డాయన్నాడు. ఖాతా మార్చాలంటే కొత్త బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వాలి. ఓటీపీ మాత్రం బయటివాళ్లెవరికీ చెప్పొద్దు.

రెండో చిక్కు సుగ్గి. మిరప కోతలకు గుంటూరు వైపు పోయి, కాన్పు దగ్గరపడ్డాక తిరిగొస్తే ముందు పరీక్షల రాత కార్డులో ఉండదు. నెల తప్పగానే ఊళ్లో నమోదు చేయించుకుని, తల్లీబిడ్డ కార్డు వెంట తీసుకుపోండి. అక్కడి పీహెచ్‌సీలో చూపించుకున్నా ఆ కార్డులోనే రాయించుకోండి. ఈ డబ్బు ఇచ్చేదే కూలి పోయినా కొన్నాళ్లు నడుం వాల్చడానికి. రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గి, పొద్దంతా ఎండలో వంగి కోసే తల్లికి నెలలు నిండకుండానే కాన్పయ్యే ముప్పు, రెండున్నర కిలోలు కూడా లేని బిడ్డ పుట్టే ముప్పు ఎక్కువ.

ఇంకోటి, తల్లికి పథకం పెట్టిన కనీస వయసు నిండి ఉండాలి. చిన్న వయసు కాన్పుల్లోనే బిడ్డ బరువు తగ్గే భయం ఎక్కువ, డబ్బు అందనిదీ వాళ్లకే. ఇది నాకెప్పుడూ మింగుడుపడదు. అయినా ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పిస్తానని వచ్చేవాడిని దగ్గరికి రానీయకండి, రేపు ప్రతి కాగితం దగ్గరా అదే అడ్డమొస్తుంది. ఆ అమ్మాయిలకు పరీక్షలు, ఐరన్ మాత్రలు, అంగన్‌వాడీ గుడ్లు, పాలు మాత్రం ఎవరూ ఆపరు, భయపడకుండా పోవచ్చు.

భర్త ఆధార్ లేదని వెనక్కి పంపితే, అది తప్పనిసరి కాదని చెప్పండి.